చింతగింజల సీసాలు

సిగ్గుండాలె గోపీ నీకు. ఏందట్ల చూస్తవ్, నిన్నే అంటున్న. ఆ బండి తాళాలు గల్లా మీద పెట్టి ఇట్ల వచ్చి కూర్చో. ఇందాక బండి దిగుతనే, నడి బజార్ల, ఆ కిరణ్మయిని ఏమన్నవ్? 'భద్రాచలం నుంచి కోంటా వచ్చేలోపు నాలుగుసార్లు బండి ఆపిచ్చినవ్, బడి పిల్లలు ఆపుకుంటరు, నీకు చాతగాదా, ఇవన్నీ నాటకాలు' అన్నవ్. నలుగురు విన్నరు. ఎదురుంగ ఎరువుల దుకాణమోడు విన్నడు, నవ్విండు కూడా. పెండ్లయ్యి ఏడాది తిరగలే, ఆ పిల్ల తల వంచుకొని లోపలికి పోయింది. నేను ఈ దుకాణంల కాంటా పట్టి యాభై రెండేండ్లు. నిన్ను ఈ కాంటా పళ్ళెంల కూర్చోబెట్టి తూచినోణ్ణి. అందుకే అంటున్న. కోపమొస్తే పనిల నుంచి తీసెయ్, రేపు పొద్దున బస్సుకే మా చింతూరు పోత. కానీ ముందు కూర్చొని విను. ఆ మాట నీది కాదు, మీ తాతది. ఉన్నదున్నట్టు ఆయనదే, ఆ 'నాటకాలు' అనేది కూడా ఆయనదే. ఎన్నడో పోయిన మనిషి మాట నీ నోట్లకు ఎట్ల వచ్చిందో నాకు తెల్వదు గని, వినంగనే కాంటా వదిలిపెట్టి వచ్చిన.

నువ్వు జగదల్‌పూర్‌ల పుట్టి పెరిగినోడివి. మీ నాయన భానుప్రసాద్ నీకు ఇవేవీ చెప్పి ఉండడు. అదిగో, గల్లా పైన రెండు ఫొటోలు. ఎడమది మీ తాత వెంకటనారాయణ, కుడిది మీ నాయనమ్మ భద్రమ్మ. రెండిటికీ ఒకటే కొలత దండ వేసినవ్, మంచిదే, పోయినంక అందరూ సమానమే. బతికినప్పుడు అట్ల లేదు మరి. మీ తాతను పామేడు నుంచి మరైగూడ దాకా చింతపండు షావుకారు అనేటోళ్ళు. ఆయన సరుకు కన్న ఆయన నాలుకకు పేరెక్కువ. మాఘం పోయి ఫాల్గుణం వచ్చిందంటే సంతల గంపలు దిగుతయ్. ఒక్కొక్క గంపల మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక ముక్క తీస్తడు. పైముక్క ఎవడైనా మంచిదే పెడుతడు కదా, అందుకని. తీసింది టేకాకుల చుడుతడు. అట్ల పది పన్నెండు పొట్లాలు పళ్ళెంల పెట్టుకొని, 'దేవుడికి చూపిచ్చి వస్త' అని లోపలికి పోతడు. దేవుడికి చూపియ్యంది ఈ షావుకారు సరుకు పట్టడంట అని కోయోళ్ళు, దోర్ల గూడేలోళ్ళు, మనోళ్ళు అందరూ చేతులు కట్టుకొని నిలబడేది. కొంచెం సేపటికి వస్తడు. కండ్లు సగం మూసి, నాలుక ఒకసారి టక్కుమనిపిచ్చి, 'ఇది నిరుటిది, బెల్లం నీళ్ళు చల్లి మెరిపిచ్చినవ్. ఇది ఈ యేటిదే, మరైగూడది. ఇది వాగొడ్డు చెట్టుది, పులుపు పలచన' అంటడు. ఒక్కటి తప్పు పొయ్యేది కాదు. విజయవాడ నుంచి వచ్చిన బేరగాండ్లు కూడా దండం పెట్టి పొయ్యేటోళ్ళు.

ఇగ అసలు సంగతి విను. ఆ నాలుక మీ తాతది కాదు. మీ తాత నాలుకకు చింతపండుకూ పటికబెల్లానికీ తేడా తెల్వదు. పొద్దున పండ్లు తోమిన కాడి నుంచి పండుకునేదాక జర్దా పాన్. నోట్ల గడ్డి మొలిచినా తెల్వని మనిషి. నేను చూడు, పాన్ ముట్ట, బీడి ముట్ట, చాయ కూడా ముట్ట. ఆరో తరగతి దాకా చదివిన, ఆ చదువుకే అబద్ధమాడొద్దని నేర్చుకున్న. అడిగితే నిజం చెప్త. అడగని మాట చెప్ప. ఇది నా నియమం, గుర్తు పెట్టుకో, మళ్ళ అక్కరకొస్తది. ఏం చెప్తున్న? ఆ, నాలుక. లోపల దేవుడి గూడు పక్కన పీట మీద మీ నాయనమ్మ కూర్చునేది. ఒక్కొక్క ముక్క నాలుక మీద పెట్టుకొని ఆమె చెప్పేది, ఆయన విని బయటికొచ్చి చెప్పేటోడు. కాంటా ఆ తలుపు పక్కనే ఉండె కాబట్టి నాకు వినపడేది. దేవుడు గూట్లెనే ఉండె, పాపం, ఆయనకు ఎవరూ ఏదీ చూపియ్యలే.

మీ చిన్నాయన పుట్టినంక పట్టుకున్నది ఆమెకు ఒక నొప్పి. పొత్తికడుపుల. మూత్రం తిత్తి కొంచెం నిండితే చాలు మంట, పోట్లు, ఒంటికి పోయివస్తే కాసేపు నిమ్మళం, మళ్ళ నిండుతుంటే మళ్ళ మొదలు. పావుగంటకొకసారి లేచేది. అప్పుడు ఇంట్ల ఈ బాత్రూములు ఎక్కడియ్? పెరట్ల, గోదాం అవతల తడికె కట్టి ఉండె. అక్కడికి పోవాలంటే బస్తాలు కుట్టే హమాలీల ముందు నుంచి పోవాలె. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. కొంగు ముఖం మీదికి లాక్కొని పొయ్యేది. మీ తాత గల్లా కాడ కూర్చొని అందరికి వినపడేటట్టు, 'ఏంది భద్రా, పోలీసోళ్ళేమన్న జీతమిస్తున్నరా, గస్తీ తిరుగుతున్నవ్?' అనేటోడు. హమాలీలు నవ్వేటోళ్ళు. షావుకారు నవ్వితే నవ్వకపోతే ఎట్ల మరి. బస్సెక్కుడు మానేసింది. సొంత చెల్లె పెండ్లికి పోలే. గుడికి పోలే. పేరంటాలకు పోలే. నీళ్ళు తాగుడు తగ్గిచ్చింది, తాగకుంటే రాదు కదా అని. దాంతోటి మంట ఇంకా ఎక్కువైంది. పొగరుబోతుది, నలుగుట్ల కలవదు అని ఊరు పేరు పెట్టింది. ఊరికేం పోయింది, పేరు పెట్టుడే కదా దాని పని.

మందులా? ఎందుకు ఇప్పియ్యలే, ఇప్పిచ్చిండు. అప్పుడు ఇక్కడ రాంప్రసాద్ అని ఒకడుండె. డాక్టరు కాదు, డాక్టరు కాడ సంచి మోసి సూది పొడుసుడు నేర్చుకున్నోడు. వాడు చూసి, 'ఇన్‌ఫెక్షన్ హై సేఠ్‌జీ, పాంచ్ దిన్ కీ గోలీ' అని ఐదురోజుల గోలీలు ఇచ్చిండు. తగ్గలే. మళ్ళ ఐదు రోజులు, ఈసారి ఎర్రవి. తగ్గలే. మళ్ళ పచ్చవి. అట్ల రంగులన్నీ అయినంక ఒకరోజు సీసాల మూత్రం పట్టిచ్చి జగదల్‌పూర్ పంపిచ్చిండ్రు. కాగితం వచ్చింది. రాంప్రసాద్ దాన్ని ఎండకు పట్టి చూసి, 'రిపోర్ట్ బిల్కుల్ సాఫ్ హై' అన్నడు. ఏ పురుగూ లేదు, ఏ దోషమూ లేదు అని. ఆడికి ఆమె కత ముగిసింది. అప్పటిదాక రోగమన్న ఉండె, ఆ రోజు నుంచి అదీ లేకుండ పోయింది. 'కాగితం సాఫ్ ఉన్నది, నీకెక్కడి నొప్పి? నాటకాలు' అన్నడు మీ తాత. ఆ కాగితాన్ని మడిచి గల్లా పెట్టెల పెట్టుకున్నడు, పట్టా కాగితం లెక్క. ఆమె అబ్బా అంటే చాలు తీసి చూపిచ్చేటోడు.

అయినా భార్య కదా అని ఇంటి వైద్యం మొదలు పెట్టిండు. అది ఇంకా గొప్ప. మంట అంటే ఏంది? వేడి. వేడికి ఏం కావాలె? చలువ. వడదెబ్బ తగిలినోడికి చింతపండు పానకం ఇస్తం కదా మనం, అది మంచిదే, నేనూ తాగిన. గోదాం నిండ సరుకు పెట్టుకొని బయటి మందులెందుకని, గింజ తీసి ఏరిన ఎర్రని పూల చింతపండు పిసికి, బెల్లం వేసి, పూటకొక చెంబు. పైన నిమ్మకాయ పిండి. తను నిలబడి తాగిచ్చేటోడు, పాపం శ్రద్ధకు లోటు లేదు. తాగిన గంటకు ఆమె గోడ పట్టుకొని వంగిపొయ్యేది, కండ్లల్ల నీళ్ళు. 'చూసినవా, వేడి బయటికి పోతున్నది' అనేటోడు. ఎంత మంట మండితే అంత వేడి పోతున్నదని ఇంకొక చెంబు. కొరివితోని తల గోకుడంటే ఏందో నేను ఆ ఇంట్ల కండ్లార చూసిన. నువ్వు నవ్వకు. నిన్న ఆ పిల్లకు ఏం తాగిచ్చినవ్? నిమ్మకాయ సోడా. రెండు. చలువ చేస్తదని. నేను చూస్తనే ఉన్న.

నేను మాత్రం తక్కువ తిన్ననా? ఒకరోజు ఆమె గోదాం గోడకు ఆనుకొని నిలబడ్డది. నేను కాంటా వదిలిపెట్టి పోయి, వయసుల నాకంటే పెద్దది అని కూడా చూడకుండ, 'అక్కా, మనసు గట్టిగుంటే ఒళ్ళు మాట వింటది. సంతరోజు నేను పొద్దుందాక ఈ పీట మీద నుంచి లేస్తున్ననా? అంతా నిగ్రహంల ఉన్నది' అని నీతులు చెప్పిన. ఆమె అంతా విన్నది. విని, 'సీతయ్యా, నీ కాంటా కాడ ఐదు కిలోల గుండు ఉంటది చూడు, అది పొయ్యిల ఎర్రగ కాల్చి పొత్తికడుపు మీద పెట్టుకో. పెట్టుకొని అప్పుడు మనసు సంగతి చెప్పు, వింట' అన్నది. అని పెరట్లకు పోయింది. ఆ గుండు ఇదే. ఇప్పటికి రోజూ దాన్ని ఎత్తుత, దించుత. ఆనాటి నుంచి ఒకరికి నీతి చెప్పలే నేను. ఇయ్యాల నీకే చెప్తున్న.

అట్ల పదకొండేండ్లు. పదకొండేండ్లు గోపీ, నువ్వు నాలుగుసార్లు బండి ఆపినందుకు ఇంతెత్తు లేస్తున్నవ్. చివరికి ఆమె తమ్ముడు శ్రీరంగం వచ్చిండు, భద్రాచలంల బట్టల దుకాణం ఉండె అతనిది. వచ్చి అక్కను చూసి, బావను ఒక్క మాట అనకుండ జీపు మాట్లాడుకొచ్చిండు. ఖమ్మంల ఒక డాక్టరమ్మ ఉన్నదంట, తీసుకపోత అన్నడు. దారిల ఎన్నిసార్లు ఆపిచ్చిండో తెలుసా? పదహారుసార్లు. ఆమె దిగినప్పుడల్లా తనే ముందు దిగి, అటు తిరిగి నిలబడి చెట్లను చూసేటోడంట. డ్రైవరు విసుక్కుంటే, 'ఏం తొందర తమ్మీ, ఈ చెట్లేం చెట్లో చూడనీ' అన్నడంట. బట్టలమ్ముకునేటోడు, వాడికి చెట్ల సంగతేం తెలుసు. కానీ పదహారుసార్లు చూసిండు.

ఆ డాక్టరమ్మ మత్తిచ్చి, సన్న గొట్టం పెట్టి లోపల చూసింది. చూసి చెప్పింది, తిత్తి లోపలి పొర తోలు లేచిన మోకాలు లెక్క ఉన్నది, పురుగు లేదు కాబట్టే రిపోర్టు సాఫ్ వచ్చింది, కానీ నొప్పి నిజం అని. ఆ ఒక్క మాట పట్టుకున్నది మీ నాయనమ్మ. వచ్చేటప్పుడు దారి పొడుగునా అదేనంట, 'నొప్పి నిజం అన్నది కదరా శ్రీరంగం, నువ్వూ విన్నవ్ కదా' అని. ఇంకేం చెప్పిందంటే, ఇది మొత్తానికి పోదు, కానీ దీంతోని బతకొచ్చు. పొద్దుగూకినంక ఒక చిన్న గోలీ. అప్పుడప్పుడు వస్తే గొట్టంతోటి లోపలికే మందు ఎక్కిస్త. కారం తగ్గియ్యాలె, చాయ బంద్, పులుపు బంద్. అందర్ల ఒకే తీరు ఉండదు, నీకు ఏది తింటే మండుతున్నదో నువ్వే కనిపెట్టాలె అన్నది. ఆపుకునే సంగతి కూడా చెప్పింది గని, నేను చెప్పినట్టు కాదు. ఇయ్యాల ఐదు నిమిషాలు ఆగు, అది అలవాటైనంక ఇంకొక ఐదు, నొప్పి లేస్తే పట్టుదల పట్టకు, పో అన్నది. నీళ్ళు మాత్రం మానొద్దు, కొంచెం కొంచెం తాగుతనే ఉండు అన్నది. రోజుకు ఎన్నిసార్లు పోయినవో, ఎన్నిసార్లు నొప్పి వచ్చిందో రాసుకొని మూడు నెలలకు పట్టుకరా అన్నది.

ఆమెకు రాసుడు రాదు. కూడబలుక్కొని సంతకం పెట్టేది, అంతే. అయితే ఏంది, చింతపండు ఇల్లాయె. గింజలకేం తక్కువ. ఒక గాజు సీసా పెట్టుకున్నది. పోయివచ్చినప్పుడల్లా ఒక నిండు గింజ వేసేది. నొప్పితోని పోతే గింజను రాయితో చిట్లగొట్టి ఒక బద్ద వేసేది. వారానికొక సీసా, అయిపోంగనే మూత పెట్టి అల్మారల వరస. పులుపు ముట్టలే. చింతపండు షావుకారు ఇంట్ల పెసరపప్పు, సొరకాయ, గంజి. నువ్వు చూడాల్సింది ఆ సీసాలు. మొదటిది మూతి దాకా నిండింది, సగానికి సగం బద్దలు. రెండోది మెడ దాకా. మూడోది భుజం దాకా. అట్ల ఎనిమిదో వారానికి సగం సీసా కూడా లేదు, అందుల బద్దలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మెట్లు దిగినట్టు దిగినయ్. ఒకరోజు నన్ను పిలిచి చూపిచ్చింది. 'సీతయ్యా, నీకు తూకం తెలుసు కదా, చూడు' అన్నది. ఆ ముఖం నేను మళ్ళ చూడలే. సొంత చేతుల కట్టిన ఇల్లు చూపిచ్చినట్టు చూపిచ్చింది. ఇంకో నెల ఆగితే ఖమ్మం తీసుకపోయి డాక్టరమ్మకు చూపియ్యాలని ఆమె ఆశ.

అప్పుడే ఫాల్గుణం వచ్చింది. గంపలు దిగినయ్. మీ తాత పళ్ళెంల పొట్లాలు పెట్టుకొని, 'దేవుడికి చూపిచ్చి వస్త' అని లోపలికి పోయిండు. ఆమె, 'తినొద్దన్నరు కదా' అన్నది. 'తినమన్నది ఎవరు? నాలుక మీద పెట్టు, ఊంచెయ్. మింగేదేముంది?' అన్నడు. ఇంకొక మాట కూడా అన్నడు, 'చింతపండు షావుకారు పెండ్లానికి చింతపండు పడదంట అని బయట తెలిస్తే సరుకెవడు కొంటడే?' అని. సరే అని పెట్టుకున్నది. ఒక పళ్ళేనికి పన్నెండు పొట్లాలు. సంత ముగిసేసరికి నలభై అయితయ్. సంతకూ సంతకూ మధ్యల ఇంటికే తెచ్చేటోళ్ళు. ఎంత ఊంచినా రసం గొంతు దిగకుండ ఉంటదా? తొమ్మిదో సీసా మళ్ళ భుజానికి వచ్చింది. పదోది మెడకు. పదకొండోది మూతికి, అందుల అన్నీ బద్దలే.

ఆమె పదకొండు సీసాలూ తెచ్చి, ఇక్కడనే, ఈ గడప మీద వరసగ పెట్టింది. 'చూడు, ఎట్ల దిగినయో చూడు. నువ్వు పొట్లాలు తెచ్చిన కాడి నుంచి ఎట్ల ఎక్కినయో చూడు. కాగితం కాగితం అంటివి, ఇదే నా కాగితం' అన్నది. ఆమె అంత మాట్లాడంగ నేను ఎన్నడూ వినలే. మీ తాత చూసిండు. నిజం చెప్పాలంటే ఒక గడియ ఆయన ముఖం కూడా మారింది. కానీ హమాలీలు చూస్తున్నరు కదా. మగోడు నలుగుట్ల తగ్గుతడా? 'గింజలు వేసేది నువ్వు, చూసిందెవరు? ఇష్టమొచ్చినన్ని వేసుకొని నాకు చూపిస్తున్నవా, నాటకాలు' అన్నడు. అని ఒక్కొక్క సీసా మూత తీసి, గోదాంల గింజల గుట్ట ఉండె కదా, పొడి మిల్లుకు పంపేటిది, దాని మీద పోసిండు. పదకొండు సీసాలు. వారం తిరిగితే ఖమ్మం పోవాలె ఆమె. ఆ గుట్టల ఇగ ఆమె గింజ ఏది, గుట్ట గింజ ఏది?

చూసిందెవరు అన్నడు చూడు. నేను చూసిన. పొద్దంతా ఈ తలుపు పక్కనే కదా నేనుండేది. ఆమె ఎన్నిసార్లు పోయిందీ, ఎన్నిసార్లు గింజ పడ్డ చప్పుడైందీ నాకు తెలుసు. 'సీతయ్యా, నువ్వు చూసినవా' అని నన్ను అడిగితే, చూసిన షావుకారూ, ఒక్క గింజ ఎక్కువ లేదు అని చెప్పేటోణ్ణి. నన్ను అడగలే. అడగని మాట నేను చెప్ప కదా. కాంటా పట్టుకొని నిలబడ్డ. నియమం తప్పలే. ఏందట్ల చూస్తవ్.

మళ్ళ సంత వచ్చింది. ఆయన పళ్ళెం పట్టుకొని లోపలికి పోయిండు. నేను వింటున్న. 'ఊ, పెట్టుకో' అన్నడు. ఆమె, 'దేవుడికి చూపిస్త అని తెచ్చినవ్ కదా. దేవుణ్ణే అడుగు' అన్నది. అంతే. లేచి వంటింట్లకు పోయి గొళ్ళెం పెట్టుకున్నది. ఆయన పళ్ళెం పట్టుకొని గూటి దిక్కు తిరిగిండు. బయట జనం. ఏం చేస్తడు, ఆ వయసుల మొదటిసారి తనే ఒక్కొక్క ముక్క నోట్లె పెట్టుకున్నడు. బయటికొచ్చి కండ్లు సగం మూసిండు, నాలుక టక్కుమనిపిచ్చిండు, మరైగూడ నుంచి వచ్చిన హిడ్మే అనే ఆమె గంపను నిరుటిది అన్నడు, పక్కనోడి నిరుటి సరుకును ఈ యేటిది అన్నడు. హిడ్మే ఊకుంటదా? 'షావుకారూ, మొన్న రాల్చి నిన్న ఒలిచిన. నా గోర్లు చూడు, ఇంకా పులుపు పోలే' అని ఆయన చేతుల ముక్క లాక్కొని నోట్లె వేసుకున్నది. తర్వాత పక్కనోడిది వేసుకొని థూ అని ఊంచింది. 'ఇది నిరుటిది. ముసల్దానికి పెండ్లి బొట్టు పెట్టినట్టు బెల్లం పూసిండు. ఇయ్యాల నీ దేవుడికి జొరమొచ్చిందా ఏంది షావుకారూ?' అన్నది. సంత సంతంతా నవ్వింది. గోండీల నవ్విండ్రు, హిందీల నవ్విండ్రు, తెలుగుల నవ్విండ్రు. ఆ సీజను నుంచి హిడ్మేను కాంటా కాడ పీటేసి కూర్చోబెట్టుకున్నడు. ఆమె రుచి చూసి చెప్తది, ఆయన సరే అంటడు. దేవుడు ఇప్పుడు హిడ్మే నోట పలుకుతున్నడని జనానికి చెప్పిండు. ఇంట్ల మనిషి తన ఒంటి సంగతి చెప్తే నమ్మలే గని, హిడ్మే ఎవరి గంప సంగతి చెప్పినా కండ్లు మూసుకొని నమ్మిండు.

భద్రమ్మక్క ఖమ్మం పోయింది, ఖాళీ చేతులతోటి. సీసాలు లేవమ్మా అని ఏడ్చిందంట. డాక్టరమ్మ, 'సీసాలెందుకు, నువ్వు చెప్తున్నవ్ కదా, చాలు' అన్నదంట. చూడు, చదువుకున్నామె ఒక్క మాటతోటి తేల్చింది. ఆ తర్వాత పన్నెండు పదమూడేండ్లు బాగనే గడిచినయ్. నొప్పి ఉన్న రోజు ఉన్నది, లేని రోజు లేదు. ఏడాదికి రెండుసార్లు పోయి మందెక్కిచ్చుకొని వచ్చేది. బస్సెక్కింది. చెల్లె బిడ్డ పెండ్లికి పోయి మూడు రోజులుండి వచ్చింది. నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు నిన్ను ఎత్తుకొని శబరి ఒడ్డుకు తీసుకపొయ్యేది, నీకు గుర్తుండదు. మళ్ళ సీసాలు పెట్టుకున్నది, ఈసారి ట్రంకు పెట్టెల. కానీ మీ తాతకు మాత్రం ఒక్క మాట చెప్పలే. నొప్పున్నదా అంటే లేదు. తిన్నవా అంటే తిన్న. అంతే, ఇంకొక మాట లేదు. ఆయన ఎంత సంబురపడ్డడో. 'గింజలు పారబోసినంక నయమైంది చూడు, రోగమంతా మనసుల ఉండె' అని వచ్చినోడికీ పోయినోడికీ చెప్పేటోడు. తనే వైద్యం చేసినట్టు.

తర్వాత వేరే జబ్బొచ్చింది, కడుపుల గడ్డ. దీనికీ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మే చెప్పింది, కాబట్టి నువ్వు దాన్నీ దీన్నీ కలిపి ఆ పిల్లను బెదిరియ్యకు. మూడు నెలలు మోసింది ఆ గడ్డను. శ్రీరంగానికి చెప్పింది. హిడ్మేకు చెప్పింది. నాకు చెప్పింది. 'ఆయనకు చెప్పవా అక్కా' అంటే, 'చెప్తే చూసిందెవరు అంటడు' అన్నది. నేనూ చెప్పలే. ఆయన అడగలే కదా. శ్రీరంగం మనవడి పుట్టెంట్రుకలని ఆయనకు చెప్పి, ఆమె ఖమ్మం ఆస్పత్రికి పోయింది. పదిరోజులైనా రాకపోతే, 'పుట్టింటోళ్ళు దొరికితే ఇల్లు యాదికుంటదా' అని ఇక్కడ కూర్చొని నవ్వుకుంట అన్నడు. ఆ పొద్దు మాపటికల్లా ఫోనొచ్చింది. పుట్టెంట్రుకల విందు కబురు చెప్తరనుకొని ఎత్తిండు.

ఆమె పన్నెండో రోజు కర్మ కాంగనే ట్రంకు పెట్టె తీసిండు. చీరల కింద సీసాలు. చివరి మూడు నెలలవి పట్టుకొని నా కాడికి వచ్చిండు. ఆ రోజు సంత. జనం ఉన్నరు, హిడ్మే పీట మీద కూర్చున్నది. 'సీతయ్యా, ఇందుల ఒక్క నిండు గింజ లేదేందిరా?' అన్నడు. అన్నేండ్లల్ల మొదటిసారి అడిగిండు. అడిగితే చెప్పాలె కదా. చెప్పిన. నిండు గింజ ఏందో చెప్పిన, బద్ద ఏందో చెప్పిన, ఈ మూడు నెలలు ఏందో కూడా చెప్పిన. 'నీకు తెలుసా?' అన్నడు. తెలుసన్న. హిడ్మే దిక్కు చూసిండు. ఆమె తల కిందికి పెట్టింది. ఆయన ఇక్కడనే కింద చతికిలపడి, సీసాలన్నీ నేల మీద పోసుకున్నడు. ఒక బద్ద తీసుకొని ఇంకొక బద్దతోటి జత పెట్టి చూసిండు, నిండు గింజ అయితదేమో అని. కాలేదు. అది పక్కన పెట్టి ఇంకోటి తీసిండు. రెండో సగాలన్నీ ఆమె అప్పుడప్పుడే పారేసింది కదా. గంపలు ఎదురుచూసి ఎదురుచూసి వేరే దుకాణాలకు పోయినయ్. మూడేండ్లు, మీ నాయన వచ్చి జగదల్‌పూర్ తీసుకపొయ్యేదాక, సంత వచ్చిందంటే ఇదే పని. ఒక్కటి అతకలే.